ఆస్ట్రేలియాలో పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ కొనాలనుకునే తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్, పెర్త్ నగరాలలో స్థిరపడిన మన కుటుంబాలలో పిల్లలు కాస్త ఎదిగాక ఔట్‌బ్యాక్ (దేశం లోపలి మారుమూల ప్రాంతాల) ప్రయాణం మాట ఒకసారైనా వస్తుంది. ఆ వెంటనే ప్రాడో కొనాలా, పజేరో కొనాలా అన్న చర్చ మొదలవుతుంది. వారమంతా బడికీ ఆఫీసుకూ తిరిగి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మట్టి దారి పట్టే పాత డీజిల్ బండిని ఎంచుకోవడంలో ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. చట్టపరమైన వివరాలు ప్రధానంగా విక్టోరియా రాష్ట్రానికి సంబంధించినవి. మిగతా రాష్ట్రాలలో పద్ధతులు కొంత వేరుగా ఉంటాయి.

ఔట్‌బ్యాక్ చూడాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరిగా ఉండాలా?

చాలా ప్రదేశాలకు అవసరం లేదు. అడిలైడ్ దిశ నుంచి డార్విన్ వరకు పోయే స్టువర్ట్ హైవే మొత్తం తారు రోడ్డే. దాని నుంచి ఉలూరుకు చీలిపోయే లాసెటర్ హైవే కూడా తారు రోడ్డే. కూబర్ పీడీ, ఆలిస్ స్ప్రింగ్స్, కేథరిన్ చూసి రావడానికి ఇంట్లో ఉన్న క్యామ్రీ చాలు. నల్లార్బర్ మైదానాన్ని దాటించే ఐర్ హైవే మీద కూడా ఏ కారయినా వెళుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమయ్యేది తారు ముగిసిన తర్వాతే. దక్షిణ ఆస్ట్రేలియాలో మారీ నుంచి మార్లా వరకు సాగే ఊడ్నడాటా ట్రాక్, మారీ నుంచి బర్డ్స్‌విల్ వరకు సుమారు 517 కిలోమీటర్ల బర్డ్స్‌విల్ ట్రాక్, కింబర్లీలో డెర్బీ, కునునురా వైపులను కలిపే సుమారు 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు ఈ కోవలోవి. వీటిలో మొదటి రెండింటిని వాన లేని రోజుల్లో ఎత్తైన మామూలు బండితో దాటేవారు ఉన్నారు. సింప్సన్ ఎడారి సంగతి వేరు. అక్కడ వందలాది ఇసుక దిబ్బలను ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి దిగవలసి ఉంటుంది కాబట్టి లో రేంజ్ గేర్లు (వీటి వివరం కింద ఉంది) ఉన్న అసలైన ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా బయలుదేరకూడదు.

అందువల్ల బండి ప్రకటనలు చూడడానికి ముందు, రాబోయే మూడు నాలుగేళ్లలో నిజంగా వెళ్లాలనుకుంటున్న దారుల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఆ జాబితాలో తారు లేని దారి ఒక్కటీ లేకపోతే, ఈ పేజీలో మిగతా భాగం మీకు అవసరం లేదు.

డీజిల్ బండే ఎందుకు?

మారుమూల రోడ్‌హౌస్‌లలో డీజిల్ దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. ట్రక్కులు, జనరేటర్లు, పశువుల ఫారాల యంత్రాలు అన్నీ దాని మీదే నడుస్తాయి. కొన్ని ఆదివాసీ సమాజాలలో పెట్రోల్ పీల్చే వ్యసనాన్ని అరికట్టడానికి సాధారణ పెట్రోల్‌కు బదులు ఓపల్ వంటి, మత్తు కలిగించే ఆరోమాటిక్ రసాయనాలు తక్కువగా ఉండే ఇంధనాన్ని మాత్రమే అమ్ముతారు. డీజిల్ బండి ఉన్నవారికి ఆ ఆలోచనే అక్కరలేదు. తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు శక్తి ఇవ్వడం, బరువు లాగేటప్పుడు పెట్రోల్ ఇంజన్ అంతగా తాగకపోవడం మిగతా రెండు కారణాలు. మంచి రోడ్డు మీద ఈ తరగతి బండ్లు వంద కిలోమీటర్లకు 9 నుంచి 11 లీటర్లు తీసుకుంటాయి. సామాను నింపి మెత్తని ఇసుకలో తోలితే అదే బండి అందుకు దాదాపు రెట్టింపు తాగుతుంది. రెండు పెట్రోల్ బంకుల మధ్య దూరాన్ని లెక్క వేసేటప్పుడు ఈ రెండో అంకెనే తీసుకోవాలి.

మా బండి రోజూ బడికి నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరుగుతుంది. డీజిల్ సరిపోతుందా?

ఈ ప్రశ్న అడగవలసినంత మంది అడగరు. పాత డీజిల్ కొని చేతులు కాల్చుకున్న కుటుంబాలలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టింది ఎడారి దారులు కావు, ఇంటి దగ్గరి చిన్న ప్రయాణాలు.

గత పదేళ్లలో వచ్చిన డీజిల్ బండ్లలో దాదాపు అన్నింటికీ సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. ఇంజన్ వదిలే మసి ఇందులో పేరుకుంటుంది. తగినంత పేరుకున్నాక ఇంజన్ అదనంగా డీజిల్ పంపి, వడపోత లోపలి వేడిని 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు పెంచి ఆ మసిని కాల్చివేస్తుంది. ఈ పని పూర్తికావాలంటే బండి ఒక ఇరవై నిమిషాల పాటు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. బడి ముందు దించి, మార్కెట్ దగ్గర ఆపి, ఇంటికి తిరిగివచ్చే బండికి ఆ అవకాశం రాదు. కాల్చడం మొదలై మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. కొన్ని ఇంజన్లలో కాలకుండా మిగిలిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతూ ఉంటే దానికి అర్థం ఇదే.

టయోటా 2.8 లీటర్ల డీజిల్ ఇంజన్ ఉన్న ప్రాడో, హైలక్స్, ఫార్చ్యూనర్ బండ్లలో 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ వరకు అమ్మినవాటి డీపీఎఫ్ వ్యవస్థపై ఆస్ట్రేలియాలో సామూహిక దావా నడిచింది. 2022లో ఫెడరల్ కోర్టు ఆ బండ్లలో లోపం ఉందని తీర్పు చెప్పింది. పరిహారం లెక్కపై వివాదం ఆ తర్వాత ఇక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు వరకు వెళ్లింది. రెండున్నర లక్షలకు పైగా బండ్లకు సంబంధించిన వ్యవహారం అది. అంతమాత్రాన ఆ ప్రాడోలను కొనకూడదని కాదు. డీపీఎఫ్‌కు చేసిన మరమ్మతుల రసీదులు ఉన్నాయా, డ్రైవరు తానే నొక్కి కాల్చుకోగల స్విచ్ అమర్చారా అన్నవి అడిగి తెలుసుకోవాలి.

మీ వారంలో కనీసం ఒక అరగంట ఫ్రీవే ప్రయాణం ఉంటే ఇబ్బంది ఉండదు. అది లేకపోతే రెండు మార్గాలున్నాయి. ఒకటి, పెట్రోల్ ఇంజన్ ఉన్న బండి చూసుకోవడం. రెండవది, డీపీఎఫ్ లేని కాలపు డీజిల్ కొనడం, ఉదాహరణకు 2017 మార్పులకు ముందు వచ్చిన ఇసుజు ఎంయూ-ఎక్స్. పాత బండికి డీపీఎఫ్ పీకివేయించుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవారు దొరుకుతారు. అది చట్టవిరుద్ధం. అలా పీకేసిన బండిని అమ్మజూపితే వెనక్కి రావడమే మంచిది.

ఆల్ వీల్ డ్రైవ్, పార్ట్ టైమ్, ఫుల్ టైమ్ అనే మాటలకు తేడా ఏమిటి?

కొనేవాడు చూడవలసిన గుర్తు లో రేంజ్. గేర్ల నిష్పత్తిని బాగా తగ్గించి, బండిని నడక వేగంలో పూర్తి బలంతో కదిలించే రెండో గేరు పెట్టె అది. నగరాలలో కనిపించే క్లూగర్, ఎక్స్-ట్రెయిల్, సీఎక్స్-9 వంటి ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో ఇది ఉండదు.

లో రేంజ్ ఉన్నవాటిలో రెండు జాతులు. ఎంయూ-ఎక్స్ వంటి పార్ట్ టైమ్ బండి తారు రోడ్డు మీద వెనుక చక్రాలతోనే నడుస్తుంది. నాలుగు చక్రాలూ కలిపే మీటను జారే నేల మీద మాత్రమే వాడాలి, ఎందుకంటే పొడి తారు మీద మలుపు తిరిగితే ముందు వెనుక ఇరుసులు వేరువేరు వేగాలతో తిరగలేక గేర్లు బిగుసుకుంటాయి. ప్రాడో ఫుల్ టైమ్ బండి, ముందు వెనుక ఇరుసులను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండడం వల్ల ఏ నేల మీదైనా నాలుగు చక్రాలతో నడుస్తుంది. పజేరో, పజేరో స్పోర్ట్‌లలోని సూపర్ సెలెక్ట్ విధానంలో తారు మీద రెండు చక్రాలు, నాలుగు చక్రాలు ఏదైనా ఎంచుకోవచ్చు. వాన కురుస్తున్న హైవే, కాసేపు తారు కాసేపు కంకర వచ్చే దారి, వెనుక సీట్లో పిల్లలు: ఈ మూడూ కలిసే కుటుంబానికి తారు మీద కూడా నాలుగు చక్రాలతో నడిచే బండి మేలని నా అభిప్రాయం.

ఏ మోడళ్లను చూడవచ్చు? వాటిలో తెలిసిన లోపాలు ఏమిటి?

ల్యాండ్‌క్రూజర్ ప్రాడో 150 సిరీస్ 2009 చివరి నుంచి వచ్చింది. చాలా వేరియంట్లలో రెండు ట్యాంకులు కలిపి 150 లీటర్లు పడతాయి. ఔట్‌బ్యాక్ ప్రయాణంలో ఇంతకంటే ఉపయోగపడే సౌకర్యం నాకు కనిపించదు. 2015 మధ్య వరకు ఇందులో 3.0 లీటర్ల ఇంజన్ ఉండేది. ఆ ఇంజన్‌లో ఇంజెక్టర్ల అడుగున ఉండే రాగి వాషర్లు పాడైతే దహన వాయువులు ఆయిల్‌లోకి దిగి, మసి గడ్డలు కట్టి, ఆయిల్ పీల్చే జల్లెడను మూసేస్తాయి. ఆయిల్ అందని ఇంజన్ హఠాత్తుగా పట్టేస్తుంది. వాషర్లు ఎప్పుడు మార్చారో రసీదు అడగండి. ఇదే ఇంజన్‌కు టైమింగ్ బెల్టును 150,000 కిలోమీటర్లకు మార్చాలి. ఆ అంకెకు దగ్గరలో బండి అమ్మకానికి వచ్చిందంటే ఆ ఖర్చు తప్పించుకునే ప్రయత్నం కూడా కావచ్చు. ఆ తర్వాత వచ్చిన 2.8 ఇంజన్‌కు బెల్టు బదులు చెయిన్ ఉంది, దాని డీపీఎఫ్ కథ పైన చెప్పాను.

మిత్సుబిషి పజేరో ఆస్ట్రేలియాలో 2021 వరకు అమ్ముడుపోయింది. 3.2 లీటర్ల డీజిల్, 88 లీటర్ల ట్యాంకు, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉండడం వల్ల తారు మీద కారులా హాయిగా నడుస్తుంది. అదే తరగతి ప్రాడోతో పోలిస్తే ధర గణనీయంగా తక్కువ పలుకుతుంది. ఇక్కడివారు దీనిని పాతకాలపు బండి అని పక్కన పెట్టడం వల్ల మనకు కలిగే లాభం అది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే ముందు భాగం నుంచి గొలుసు ఊగినట్టు గలగల వినిపిస్తే టైమింగ్ చెయిన్ సాగిందని అనుమానించాలి. ఇది 3,000 కిలోల ట్రైలర్ లాగుతుందని ప్రకటనలో రాస్తారు. 2,500 కిలోలు దాటితే టో బాల్ (ట్రైలర్ తగిలించే గుండు) మీద పడగల బరువు 180 కిలోలకు పడిపోతుందన్న షరతు రాయరు. బరువైన క్యారవాన్ లాగాలనుకునేవారికి పజేరో తగదు.

ఇసుజు ఎంయూ-ఎక్స్ 2013లో వచ్చింది. 3.0 లీటర్ల ఇంజన్ ట్రక్కు చప్పుడు చేస్తుంది, కానీ మొరటుగా వాడినా తట్టుకుంటుందన్న పేరుంది. మొదటి తరానికి ట్యాంకు 65 లీటర్లే. 2021లో వచ్చిన రెండో తరంలో అది 80 లీటర్లయింది, వెనుక డిఫరెన్షియల్ లాక్ కూడా చేరింది.

ఫోర్డ్ ఎవరెస్ట్ 2015 నుంచి ఐదు సిలిండర్ల 3.2 లీటర్ల ఇంజన్‌తో వచ్చింది. లోపలి నిశ్శబ్దం, సౌకర్యం బాగుంటాయి. ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ లీకు దీనికి తెలిసిన జబ్బు, కాబట్టి కూలెంట్ మట్టం తగ్గుతూ వస్తోందా అని చూడాలి. పజేరో స్పోర్ట్ 2.4 లీటర్ల బండి, చిన్న కుటుంబానికి సరిపోతుంది, ట్యాంకు 68 లీటర్లే.

నిస్సాన్ పాట్రోల్ జీయూ సిరీస్‌లోని తొలి 3.0 లీటర్ల ఇంజన్లకు ఇక్కడ గ్రెనేడ్ అనే పేరు ఊరికే రాలేదు. పిస్టన్లు కాలిపోయిన సందర్భాలు అన్ని ఉన్నాయి. ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, 4లలో క్రాంక్‌షాఫ్ట్ విరగడం బాగా తెలిసిన సమస్య, విరిగితే ఇంజనే మార్చాలి. దేశీ మెకానిక్ దగ్గర చవకగా అవుతుందన్న ఆశతో వీటిని కొనవద్దు. ల్యాండ్‌క్రూజర్ 100, 200 సిరీస్‌లు నిస్సందేహంగా గొప్ప బండ్లు, కానీ అదే డబ్బుకు ప్రాడో అయితే ఎన్నో ఏళ్లు కొత్తది వస్తుంది.

ఎన్ని కిలోమీటర్లు తిరిగిన బండిని కొనవచ్చు?

మన ఊళ్లలో లక్ష దాటిన కారంటే ముసలిదని లెక్క. ఇక్కడ ఈ తరగతి డీజిల్ రెండు లక్షలు దాటడం మామూలు విషయం. పదివేల కిలోమీటర్లకోసారి, లేదా ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చినట్టు లాగ్‌బుక్‌లో ముద్రలున్న 2,10,000 కిలోమీటర్ల హైవే బండిని, సర్వీసు కాగితాలు సగం మాయమైన 1,20,000 కిలోమీటర్ల సిటీ బండి కంటే నేను ముందు చూస్తాను. ముద్రలు మాత్రమే ఉంటే చాలదు. ఏ భాగం ఎప్పుడు మార్చారో చెప్పే రసీదుల కట్ట ఉన్న యజమాని దొరికితే కొంచెం ఎక్కువ ధర ఇచ్చినా తప్పులేదు.

బండి చూడడానికి వెళ్లినప్పుడు ఏమేమి పరీక్షించాలి?

ఇంజన్ చల్లగా ఉండగానే చూపించమని ఫోనులోనే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచాడని అర్థం, అప్పుడు మరోసారి వస్తామని చెప్పి రావడమే మంచిది. చల్లటి డీజిల్ స్టార్టయిన మొదటి పది సెకన్లలో చెప్పే నిజం తర్వాత గంటసేపు తోలినా చెప్పదు. ఆగి ఆగి కొట్టుకోవడం, తెల్లటి పొగ ఆగకుండా రావడం ఇంజెక్టర్ల లోపానికి సూచన. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత విప్పి దాని మీదే వదులుగా పెట్టండి. స్వల్పంగా అదరడం సహజం. ఎగిరి పడేంత గాలి తన్నుతుంటే లోపల రింగులు అరిగాయి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి. ఫిల్టర్‌కు బయటివైపు ఎర్ర దుమ్ము ఉండడం తప్పు కాదు. ఫిల్టర్ దాటి ఇంజన్ వైపు పోయే గొట్టం లోపల వేలితో తుడిచినప్పుడు ఎర్రటి పొడి అంటుకుంటే, ఆ దుమ్ము టర్బోనూ సిలిండర్లనూ ఆకురాయిలా అరగదీసిందని గ్రహించాలి. అలాంటి బండికి ధర బేరం అనవసరం.

కింద పడుకొని ఛాసిస్ చూడడానికి ఒక పాత దుప్పటి, టార్చి తీసుకువెళ్లండి. ఎర్ర మట్టి కనబడితే భయపడనక్కరలేదు, ఎడారి పొడిగా ఉంటుంది. భయపడవలసింది సముద్రపు ఉప్పుకే. క్వీన్స్‌లాండ్‌లోని క్‌గారీ (పాత పేరు ఫ్రేజర్) దీవి ఇసుక తీరాల మీద తిరిగి, తర్వాత సరిగా కడగని బండ్లకు ఛాసిస్ లోపలి గూళ్లలో, బ్రేకు గొట్టాల బిగింపుల దగ్గర, వెనుక ఇరుసు పైన తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. కొత్తగా నల్ల రంగు పూసిన ఛాసిస్ కనిపిస్తే ఎందుకు పూశారని అడగండి. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడండి. అట్టడుగున బురద మరక, ముక్కిన వాసన ఉంటే వరద నీటిలో మునిగిన బండి కావచ్చు. 2022లో లిస్మోర్, బ్రిస్బేన్ ప్రాంతాలలో వచ్చిన వరదల తర్వాత ఈ జాగ్రత్త మరింత అవసరమైంది.

తోలి చూసేటప్పుడు గడ్డి నేల మీదో కంకర మీదో ఆపి లో రేంజ్ వేయించండి. డ్యాష్‌బోర్డు మీద లైటు మినుకుమినుకుమంటూ నిలవకపోతే, ఆ యజమాని దానిని ఏళ్ల తరబడి వాడలేదన్న మాట, లో రేంజ్‌ను కలిపే మోటారు (యాక్చువేటరు) బిగుసుకుపోయి ఉండవచ్చు. ఇవన్నీ అయ్యాక కూడా కొన్ని వందల డాలర్లు ఖర్చు చేసి స్వతంత్ర మెకానిక్‌తో తనిఖీ చేయించండి. అమ్మేవాడు సూచించిన మెకానిక్ వద్దు.

ఏడు సీట్లు నిజంగా ఏడుగురికి సరిపోతాయా? అమ్మానాన్నలు వస్తే ఎలా?

మూడో వరుస పిల్లలకే. పజేరోలో అది నేలలోంచి మడత విప్పుకునే పలుచటి బల్ల, దూర ప్రయాణానికి పనికిరాదు. ప్రాడోలో కొంత నయం. అయితే మూడో వరుస ఎత్తితే డిక్కీలో రెండు సూట్‌కేసులకు మించి పట్టవు.

ఆస్ట్రేలియా చట్టం ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలకు ఆమోదం పొందిన చైల్డ్ సీటు లేదా బూస్టరు తప్పనిసరి. నాలుగేళ్లలోపు పిల్లలను, వెనుక వరుస ఉన్న బండిలో, ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. చైల్డ్ సీటును పై పట్టీతో బిగించే కొక్కేలు చాలా బండ్లలో రెండో వరుసకే ఉంటాయి. ముగ్గురు చిన్న పిల్లలుంటే, మూడు సీట్లనూ ఇంటి నుంచి తీసుకువెళ్లి రెండో వరుసలో పక్కపక్కన బిగించి చూడకుండా బయానా ఇవ్వవద్దు.

ఇండియా నుంచి తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉండే ఇళ్లలో ఇంకో సంగతి చూడాలి. ఈ బండ్ల గడప ఎత్తు. రెండు అంగుళాలు లేపిన సస్పెన్షన్, ఎత్తు టైర్లు, పక్క మెట్టు లేకపోవడం ఈ మూడూ కలిస్తే మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు గుడికి వెళ్లడానికే ఇష్టపడరు. పక్క మెట్లు, లోపలి స్తంభానికి పట్టుకునే హ్యాండిల్ ఉన్నాయో లేదో చూడండి.

పేలోడ్ అంటే ఏమిటి? దాని గురించి ఎందుకు అంతగా చెబుతారు?

బండి, మనుషులు, సామాను, డీజిల్ కలిపి మించకూడని మొత్తం బరువును జీవీఎం అంటారు. ప్రాడో 150 చివరి మోడళ్లలో అది 2,990 కిలోలు. బండి సొంత బరువు సుమారు 2,350 కిలోలు అనుకుంటే 640 కిలోలు మిగులుతాయి. ఇదే పేలోడ్, అంటే బండిలో ఎక్కించగల బరువు. ఎక్కువే అనిపిస్తుంది. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు కలిసి 270. ముందు ఉక్కు బుల్‌బార్, వించ్ (కూరుకుపోయిన బండిని లాగే యంత్రం) కలిపి 100. పైన రూఫ్ ర్యాక్, గుడారం 80. రెండో బ్యాటరీ, ఫ్రిజ్, దాని నిండా పెరుగు, కూరగాయలు 70. ఐదుగురికి నాలుగు రోజుల నీళ్లు రోజుకు మనిషికి ఐదు లీటర్ల చొప్పున 100. రెండో స్టెప్నీ 35. లెక్క 655కు చేరింది, ఇంకా బట్టలూ బియ్యం కుక్కరూ ఎక్కించలేదు. క్యారవాన్ ఉంటే టో బాల్ మీద పడే బరువు కూడా ఈ లెక్కలోనే చేరుతుంది.

జీవీఎం మించితే జరిమానా ఒక్కటే కాదు, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ చెల్లింపు నిరాకరించే అవకాశం ఉంది. కాబట్టి పాత యజమాని అలంకరించిన బండి చూసి మురిసిపోకుండా, ఆ అలంకారం బరువెంతో అడగండి. పట్టణ శివారు తూనిక వంతెన దగ్గర తూచిన చీటీ ఉంటే మరీ మంచిది. సగం ప్రయాణాలకు ఉక్కు బుల్‌బార్ అవసరం లేదు. సంధ్యవేళ, రాత్రి పూట బండి తోలకుండా ఉంటే కంగారూల ముప్పు చాలావరకు తప్పుతుంది.

కాగితాల విషయంలో ఏమేమి చూసుకోవాలి?

బండికి విన్ అనే 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానితో ప్రభుత్వ పీపీఎస్‌ఆర్ రిజిస్టరులో రెండు డాలర్లకు వెతికితే, బండి మీద బకాయి ఉన్న అప్పు, దొంగతనం, ప్రమాదంలో రద్దయిన చరిత్ర తెలుస్తాయి. అప్పు మిగిలిన బండిని కొంటే అప్పిచ్చిన సంస్థ దానిని మీ ఇంటి ముందు నుంచి తీసుకుపోగలదు. ఈ వెతుకులాట డబ్బు కట్టే రోజే చేసి, వచ్చిన ధ్రువపత్రం దాచుకోండి. అదే విన్ సంఖ్యతో రీకాల్ జాబితా కూడా చూడండి.

విక్టోరియాలో రిజిస్ట్రేషన్‌తో అమ్మే బండికి 30 రోజులలోపు జారీ అయిన రోడ్‌వర్తీ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇది బ్రేకులు, టైర్లు, లైట్లు, స్టీరింగు వంటి భద్రతా అంశాలకే పరిమితం. ఇంజన్, గేర్‌బాక్స్ ఆరోగ్యం గురించి అది ఏమీ చెప్పదు. రోడ్‌వర్తీ ఉంది కదా, ఇంకా మెకానిక్ ఎందుకు అనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కొంటే, పదేళ్లు దాటని, 160,000 కిలోమీటర్లలోపు బండికి మూడు నెలలు లేదా 5,000 కిలోమీటర్ల చట్టబద్ధ వారంటీ ఉంటుంది. మూడు పనిదినాలలో మనసు మార్చుకునే హక్కూ ఉంటుంది. వ్యక్తుల మధ్య జరిగే అమ్మకంలో ఈ రెండూ ఉండవు.

టైర్లు ఎలాంటివి ఉండాలి? గాలి ఎంత?

లైట్ ట్రక్ తరగతి ఆల్ టెరెయిన్ టైర్లు కావాలి. పక్క గోడ మీద ఉండే నాలుగు అంకెల తేదీ చూడండి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రెడ్ నిండుగా ఉన్నా ఏడెనిమిదేళ్లు దాటిన రబ్బరును ఎడారిలో నమ్మవద్దు. తారు మీద 36 నుంచి 40 పీఎస్‌ఐ ఉంచే టైరులో, కంకర దారి మీద 26 నుంచి 30కి, మెత్తని ఇసుకలో 18కి గాలి తగ్గించాలి. ఇసుకలో కూరుకుపోయిన బండ్లలో చాలావాటికి వించ్ అక్కరలేదు, గాలి ఇంకొంచెం తీస్తే బయటికి వస్తాయి. గాలి తగ్గిస్తే వేగమూ తగ్గించాలి. తారు ఎక్కగానే మళ్లీ నింపడానికి కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

స్నార్కెల్ ఉంటే వాగులు దాటవచ్చా?

స్నార్కెల్ ఇంజన్ పీల్చే గాలి దారిని మాత్రమే ఎత్తుకు తెస్తుంది. తయారీదారు చెప్పిన లోతు ప్రాడోకు 700 మిల్లీమీటర్లు, ఎవరెస్ట్‌కు 800. నిజానికి లోతు కంటే ప్రవాహ వేగమే బండ్లను ఎక్కువగా కొట్టుకుపోయేలా చేస్తుంది. దాటే ముందు నడిచి చూడమని ఆస్ట్రేలియా దక్షిణ భాగంలో ఇచ్చే సలహా ఇక్కడి ఉత్తర భాగంలో పనికిరాదు. గిబ్ రివర్ రోడ్డు మీద పెంటికోస్ట్ నది దగ్గర, కాకడూలో కాహిల్స్ క్రాసింగ్ దగ్గర ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. అక్కడ ఇతర బండ్లు దాటేదాకా ఆగి చూడాలి, అనుమానం ఉంటే వెనక్కి తిరగాలి.

కొన్న వెంటనే ఏం చేయాలి?

లాగ్‌బుక్‌లో ఏం రాసి ఉన్నా, ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియల్‌ల ఆయిల్, కూలెంట్, డీజిల్ ఫిల్టర్ మార్పించి, ఆ రోజు నుంచి మీ సొంత లెక్క మొదలుపెట్టండి. కామన్ రైల్ ఇంజెక్టర్లు నీటి చుక్కను కూడా సహించవు కాబట్టి దూర ప్రయాణాలకు నీటిని వేరుచేసే రెండో డీజిల్ ఫిల్టర్ పెట్టించడం మంచి ఖర్చు. బీమా సంస్థకు బండి మీది మార్పులన్నీ చెప్పి, కంకర దారుల మీద కవరేజీ ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

తర్వాత దగ్గరలోని అటవీ దారిలో ఒక వారాంతం తిప్పండి. మెల్‌బోర్న్ వారికి వోంబాట్, టూలాంగి అడవులు చాలు. ఆ పైన ఫ్లిండర్స్ రేంజెస్. సింప్సన్ చివర్లో. దుకాణానికి దూరంగా లీకయ్యే గొట్టం ఇంటికి దగ్గరలోనే లీకవడం మంచిది.

ఏ కాలంలో వెళ్లాలి? ఆపద వస్తే ఎవరిని పిలవాలి?

మే నుంచి సెప్టెంబరు వరకు. ఉత్తరాన నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, దారులు మూసుకుపోతాయి. క్వీన్స్‌లాండ్ వైపు సింప్సన్ ఎడారి జాతీయ పార్కును డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వేడి వల్ల మూసేస్తారు. మూసిన దారి మీద తోలితే భారీ జరిమానా పడుతుంది.

మారుమూల దారులలో చాలావరకు ఫోను సిగ్నల్ ఉండదు. ఆపదలో ఉపగ్రహాలకు సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ కొని, ఆస్ట్రేలియన్ మారిటైమ్ సేఫ్టీ అథారిటీ దగ్గర ఉచితంగా నమోదు చేయించండి. యూహెచ్ఎఫ్ రేడియోలో ట్రక్కు డ్రైవర్లు 40వ చానెల్‌లో ఉంటారు, 5వ చానెల్ అత్యవసరాలకు. బండి ఆగిపోతే దానిని విడిచి నడవవద్దు. ఆకాశం నుంచి వెతికేవారికి మనిషి కంటే బండి త్వరగా కనిపిస్తుంది.

కొనే బదులు అద్దెకు తీసుకోవడం మేలా?

మీ జాబితాలో మట్టి దారి ప్రయాణం ఒక్కటే ఉండి, అది రెండు వారాలకు మించకపోతే, ఆలిస్ స్ప్రింగ్స్‌కో డార్విన్‌కో విమానంలో వెళ్లి పడక, వంట సామానుతో సహా ఫోర్ వీల్ డ్రైవ్ అద్దెకు తీసుకోవడం చవక. నగరం నుంచి మూడు వేల కిలోమీటర్ల తారు ప్రయాణం కూడా తప్పుతుంది. ఒప్పందం సంతకం చేసే ముందు రెండు నిబంధనలు చదవండి: ఏయే దారుల మీద తోలడానికి అనుమతి ఉంది, నీటిలో దిగినందువల్ల కలిగే నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది. చాలా ఒప్పందాలలో రెండోది పూర్తిగా మీ ఖాతాలోనే ఉంటుంది.